‘నాది కాదు’ అనాల్సింది ఎవరు?

కంపెనీల శిక్షణ తరగతుల్లో భగవద్గీత చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. మన ఊళ్లలో మైకులో ఘంటసాల గీత వినిపిస్తే ఆ వీధిలో ఎవరో పోయారని అర్థం. ఆఫీసులో వినిపిస్తే ఈ ఏడు జీతాలు పెరగవని అర్థం చేసుకోవచ్చు. అక్కడ తరచు వినపడేది రెండో అధ్యాయంలోని నలభై ఏడో శ్లోకం. పని మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అన్నది దాని సారాంశం. చెప్పేవాడు జీతం ఇచ్చేవాడో, అతని తరఫు మనిషో. వినేవాడు జీతం పుచ్చుకునేవాడు. ఓవర్‌టైమ్ డబ్బులు అడగబోయినవాడు, బోనస్ ఎందుకు తగ్గిందని నిలదీయబోయినవాడు ఆ శ్లోకం విన్నాక కాస్త సిగ్గుపడి ఊరుకుంటాడు. ఈ బోధ చెప్పాల్సిన వైపు కాక ఎదుటి వైపుకి తిరిగిందని నా వాదన. ఫలత్యాగం యజమాని పాటించాల్సిన నియమం, పనివాడికి చెప్పే సుద్దులు కావు. శాస్త్రం చూసినా అంతే, వ్యాపారం నడిచే తీరు చూసినా అంతే. నలుగురి చేత పని చేయించే బాధ్యత సమర్థంగా మోయాలనుకునేవాడు ఆ శ్లోకాన్ని ముందు తనకే చెప్పుకోవాలి.

మాట దగ్గరే మొదలుపెడదాం. ఇంటికైనా దుకాణానికైనా ఫ్యాక్టరీకైనా పెద్దను మనం యజమాని అంటాం. ఆ మాట యజ్ఞశాలలోంచి వచ్చింది. తన కోసం యజ్ఞం చేయించుకునేవాడు యజమానుడు. అగ్నిష్టోమం వంటి సోమయాగంలో పదహారు మంది ఋత్విక్కులు పనిచేస్తారు. మంత్రం చదివేది, సోమలత దంచేది, ఆహుతి వేసేది వాళ్లు. స్వర్గమో సంతానమో ఏది కోరి యాగం తలపెట్టారో ఆ ఫలం మాత్రం యజమానిది. ఋత్విక్కులకు దక్కేది దక్షిణ. ఈ విషయంలో మీమాంసకులు ఏమాత్రం మొహమాటపడలేదు. దక్షిణ దానం కాదని, ఋత్విక్కుల సేవకు చెల్లించే మూల్యమని తేల్చి చెప్పారు. వ్యాకరణం కూడా ఈ తేడాను పట్టుకుంది. సంస్కృతంలో ‘యజతే’ అంటే తన కోసం యజ్ఞం చేస్తున్నాడని, ‘యజతి’ అంటే మరొకరి కోసం చేస్తున్నాడని. క్రియాఫలం కర్తకే చెందేటప్పుడు ఆత్మనేపదం వాడాలని పాణిని సూత్రం. దాని మీద ఏడో శతాబ్దపు కాశికావృత్తి ఒక చక్కని సందేహం తీరుస్తుంది. ఋత్విక్కుకు దక్షిణ ముడుతుంది, కూలివాడికి కూలి ముడుతుంది, మరి అది ఫలం కాదా? ముట్టిన మాట నిజమే కానీ ఆ పని తలపెట్టింది దాని కోసం కాదు గదా అంటుంది వృత్తి. వంటవాడికి జీతం ఇవ్వడానికని ఎవరూ పొయ్యి వెలిగించరు. పని దేని కోసం మొదలైందో అదే ఫలం. ఈ లెక్కన జీతం ఫలం కిందకే రాదు, అది తీర్చాల్సిన బాకీ. ఫలాన్ని వదులుకో అని జీతగాడికి చెప్పడం, పొలం లేనివాడికి భూదానం గురించి ఉపన్యసించడం లాంటిది.

ఇది చదివి యజమానులు సంతోషించే ప్రమాదం ఉంది. ఫలమంతా మాదేనని మీ శాస్త్రమే ఒప్పుకుంది కదా అనవచ్చు. ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలులోనే అసలు మెలిక ఉంది. యజ్ఞంలో త్యాగమంటే మనసులో మెదిలే మంచి భావం కాదు, దానికొక ఘడియ, ఒక పలుకు ఉన్నాయి. ఆహుతి అగ్నిలో పడేటప్పుడు ఇది ఫలానా దేవతది, నాది కాదు అని పలకాలి. అది యజమాని పలకాల్సిన మాట. ద్రవ్యం అతనిది, ఫలం అతనిది కనుక నాది కాదు అనగలిగినవాడూ అతనొక్కడే. గీత మూడో అధ్యాయం ఈ యజ్ఞం చుట్టూనే తిరుగుతుంది. తన కోసమే వండుకునేవాడు పాపం తింటున్నాడనీ, పుచ్చుకున్నదానికి బదులు ఇవ్వకుండా అనుభవించేవాడు దొంగ అనీ అంటుంది. ఆదర్శంగా చూపేది జనకుణ్ణి, ఒక రాజుని. ఆ తర్వాత కృష్ణుడు తననే చూపుకుంటాడు, మూడు లోకాల్లో తనకు దొరకనిదేమీ లేకున్నా పని మానలేదంటాడు. వింటున్నవాడు అర్జునుడు, గెలిస్తే వచ్చే రాజ్యంలో వాటాదారు. పాండవుల వైపు ఏడు అక్షౌహిణుల సేన నిలబడి ఉంది. వాళ్లనెవరినీ పిలిచి కృష్ణుడు ఈ మాట చెప్పలేదు. పైగా పదిహేడో అధ్యాయం పదమూడో శ్లోకంలో తామస యజ్ఞమంటే ఏమిటో చెబుతూ అన్నం పెట్టనిది, దక్షిణ ఇవ్వనిది అని విడమరచి చెప్పాడు. ఫలం మీద మమకారం లేదని చెప్పుకుంటూ దక్షిణ ఎగ్గొట్టేవాడికి గీతలో దొరికే బిరుదు అది.

అదే మహాభారతంలో, నన్నయ తెనిగించిన సభాపర్వంలోనే, నారదుడు ధర్మరాజును వరసగా ప్రశ్నలడిగే ఘట్టం ఉంది. కొత్త సభ కట్టించుకుని మురిసిపోతున్న రాజు దగ్గరికి వచ్చి పాలన ఎలా సాగుతోందో ఆరా తీస్తాడు. సేనకు ఇవ్వాల్సిన బత్తెం, జీతం తగినంతగా, వేళకు ఇస్తున్నావా, జాగు చెయ్యడం లేదు కదా అన్నది అందులో ఒకటి. దాదాపు ఇదే ప్రశ్న వాల్మీకి రామాయణంలో చిత్రకూటానికి వచ్చిన భరతుణ్ణి రాముడు అడుగుతాడు. రెండు ఇతిహాసాలూ పట్టుబట్టి అడిగిన ప్రశ్న ఇది. అర్థశాస్త్రం ఇంకో అడుగు ముందుకేసి జీతాల పట్టికే ఇచ్చింది. మంత్రికి, సేనాపతికి 48,000 పణాలు, అడుగున ఉన్న పరిచారకుడికి 60. పైవాడికీ కిందివాడికీ మధ్య తేడా ఎనిమిది వందల రెట్లు. ప్రాచీనులు సమానత్వం పాటించారని మురిసిపోయేవారు ఈ పట్టిక ఒకసారి చూసుకుంటే మంచిది. సమానత్వం లేదు, కానీ జీతం బాకీ అన్న స్పష్టత ఉంది. పరిచారకుడికి నిష్కామకర్మ నేర్పి ఆ అరవై పణాలు మిగుల్చుకోవచ్చని కౌటిల్యుడికి కూడా తోచలేదు. ఖజానా సొమ్ము కాజేసే పద్ధతులు నలభై లెక్కగట్టినవాడికే తోచలేదంటే ఆలోచించాలి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. గీత పాలకుల కోసమే అంటున్నారు గానీ పద్దెనిమిదో అధ్యాయం నలభై నాలుగో శ్లోకం పరిచర్య శూద్రుడికి స్వభావసిద్ధమైన పని అంటోంది కదా? ఎవరి పని వారు చేసుకుంటూ సిద్ధి పొందమని ఆ వెంటనే చెబుతోంది కదా? చాతుర్వర్ణ్యానికి గీత తాత్విక సమర్థన ఇచ్చిందని అంబేద్కర్ రాసింది ఈ ఆధారాల మీదే. ఆ శ్లోకం ఉంది. ఏ వ్యాఖ్యానంతోనూ దాన్ని కడిగెయ్యలేం. హెచ్ఆర్ విభాగం గీతను వాడుకునే తీరు నిన్నమొన్న పుట్టింది కాదనీ, చాకిరీ చేసేవాణ్ణి నోరెత్తకుండా ఉంచడానికి శతాబ్దాలుగా అది అక్కరకొచ్చిందనీ ఒప్పుకోవాల్సిందే. అయితే పుట్టుకను బట్టి పని అన్నది ఒక సిద్ధాంతం, ఫలం ఎవరిదో వాళ్లే దాన్ని వదలాలన్నది మరొకటి. మొదటిదాన్ని మన రాజ్యాంగం తోసిపుచ్చింది, మనమూ తోసిపుచ్చవచ్చు. దాంతోపాటు రెండోది కూలిపోదు. అసలు అంబేద్కర్ విమర్శ నా వాదనకే బలమిస్తుంది. ఫలంలో వాటా లేనివాడి మీదికి ఫలత్యాగాన్ని మళ్లిస్తే అది దోపిడీకి సాధనమవుతుందని అంతకంటే బాగా చూపినవారు లేరు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూసిన మనిషి ఆయన. పనివాడి హక్కును యజమాని హృదయంలో వెతక్కుండా చట్టంలో రాయించాలని చూశాడు.

శాస్త్రం సంగతి అలా ఉంచి వ్యాపారానికి వద్దాం. ఫలం మీద తగులం వదిలితే మేనేజరు పనితనం పెరుగుతుందా? ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో ఒక ఆట ఆడించేవాడు. 1950 నుంచి జపాన్ పరిశ్రమలకు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్ ఆయన. ఒక పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు కలిపి ఉంటాయి. యాభై గుంటలున్న తెడ్డు ముంచి ఒక్కో పనివాడు యాభై పూసలు తియ్యాలి. తెల్లవి సరుకు, ఎర్రవి లోపాలు. ఎర్రవి తక్కువ తీసినవాడికి మెప్పు, ఎక్కువ తీసినవాడికి మందలింపు, చివరికి ఉద్యోగం ఊడటం. గోడల మీద నినాదాలు, రోజూ హెచ్చరికలు, అప్రైజల్, అన్నీ ఉంటాయి. ఆడుతున్న కొద్దీ అందరికీ నవ్వొస్తుంది, ఆ నవ్వు వెనకే ఇబ్బందీ మొదలవుతుంది. అయిదో వంతు ఎర్ర పూసలున్న పెట్టెలోంచి ఎవడు తీసినా సగటున పది వస్తాయి. ఈసారి ఆరు తీసినవాడు మొనగాడు కాడు, పద్నాలుగు తీసినవాడు సోమరి కాడు. పెట్టెలో ఎర్ర పూసలు తగ్గించే అధికారం పనివాడికి లేదు, యాజమాన్యానికే ఉంది. ఈ సంగతి గీత పద్దెనిమిదో అధ్యాయంలో మరోలా కనిపిస్తుంది. ఏ పని జరగడానికైనా అయిదు కారణాలుంటాయంటుంది: చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. ఇన్ని ఉండగా తానొక్కడే చేశాననుకునేవాడికి చూపు సరిగా లేదంటుంది. అది కర్తను ఉద్దేశించి చెప్పిన మాటే అయినా ఎదుటివాడికీ వర్తిస్తుంది. చేసినవాడొక్కడే కారణం అనుకుని శిక్షించే మేనేజరుకూ చూపు సరిగా లేనట్టే. అంకె మీద కళ్లు అతుక్కుపోయినవాడికి పెట్టె కనిపించదు, పెట్టె కనిపించనివాడు దాన్ని బాగు చెయ్యలేడు. ఫలం నుంచి చూపు మళ్లితేనే పని మీద చూపు నిలుస్తుందన్నది మోక్షం సంగతి అటుంచి ఫ్యాక్టరీకి అవసరమైన సత్యం.

తగులం ముదిరితే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ఇప్పటికీ చదవదగిన పత్రం. ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. అంతకుముందు సెప్టెంబరు క్వార్టరుకు ఆదాయంలో 24 శాతం లాభం చూపించగా, ఆ లేఖ ప్రకారం నిజంగా వచ్చింది 3 శాతం. మొదట్లో చిన్నగా ఉన్న తేడా ఏటేటా పెరిగిపోయిందనీ, పులి మీద స్వారీలా దిగే దారి లేకుండా పోయిందనీ ఆయనే వాపోయారు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష విధించింది, మరుసటి నెలే పై కోర్టు దాన్ని నిలిపి బెయిలు ఇచ్చింది. న్యాయం సంగతి కోర్టులు చూసుకుంటాయి. నాకు ఆసక్తి కలిగించేది ఆ జారుడు తీరు. గీత రెండో అధ్యాయంలో పతనానికి మెట్లు వరసగా ఉన్నాయి. ఒకదాన్నే తలచుకుంటూ ఉంటే తగులం పుడుతుంది, తగులం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, కోపం నుంచి మోహం, మోహం నుంచి మరుపు, చివరికి బుద్ధి నశిస్తుంది. ప్రతి మూడు నెలలకూ మార్కెట్ ఎదురుచూసే అంకెను తలచుకుంటూ కూర్చున్నవాడి సంగతి దీనికంటే క్లుప్తంగా ఎవరూ చెప్పలేరు. అబద్ధపు అంకె ఒక క్వార్టరుకు నిలబడితే వచ్చే క్వార్టరుకు అదే పునాది అవుతుంది. యాభై వేల పైచిలుకు ఉద్యోగుల్లో అత్యధికులు నిజంగానే పని చేశారు, నిజంగానే ప్రోగ్రాములు రాసి ఇచ్చారు. నష్టం వాళ్ల ఫలాపేక్ష వల్ల రాలేదు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు కథ దీనికి మరో ముఖం. ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది రకాల ఖాతాలు అంటగట్టాలని పైనుంచి టార్గెట్ వస్తే, కింద ఉన్నవాళ్లు జనానికి తెలియకుండా ఖాతాలు తెరిచారు. 2016లో విషయం బయటపడేనాటికి ఉద్యోగాలు పోయినవాళ్లు దాదాపు 5,300 మంది. తగులం పైవాడిదైతే ఉద్యోగం పోయింది కిందివాడిది.

అయితే టార్గెట్లే వద్దా? బ్యాంకు అప్పు తీర్చాలి, వాటాదారులకు లెక్క చెప్పాలి, నెలాఖరుకు జీతాలివ్వాలి, ఫలం అక్కర్లేదని కూర్చుంటే కంపెనీ మూతపడదా అని ఎవరైనా అడుగుతారు. అడగాలి కూడా. ఫలత్యాగమంటే ఫలితం పట్టనితనం అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. 1930లో వెలువడిన తన గీతానువాదం ముందుమాటలో గాంధీ ఈ పొరపాటును సరిదిద్దాడు. ఏ పనికైనా రావాల్సిన ఫలితమేమిటో, దానికి సాధనమేమిటో, తన శక్తి ఎంతో తెలుసుకుని తీరాలన్నాడు. అన్నీ తెలిసి పూర్తిగా పనిలో మునిగాక ఫలం కోసం తహతహలాడకపోవడమే త్యాగమన్నాడు. పద్యనాటకాల పుణ్యమా అని కృష్ణ రాయబారం తెలియని తెలుగువాడు ఉండడు. అక్కడ అయిదూళ్లన్నది స్పష్టమైన టార్గెట్. దాని కోసం కృష్ణుడు చెయ్యని ప్రయత్నం లేదు, ఒప్పుకోరని తెలిసీ చేశాడు. రాయబారం చెడింది. చెడిందన్న సంగతిని ఉన్నదున్నట్టు వచ్చి పాండవులకు చెప్పాడు. ఏ రాయబారికైనా, ఏ మేనేజరుకైనా అసలు పరీక్ష అక్కడే. ఫలానికి అతుక్కున్నవాడు చెడ్డవార్తను మోసుకు రాలేడు, మోసుకొచ్చినవాణ్ణి సహించలేడు. అతని గదిలోకి చెడ్డవార్త రావడం మానేస్తుంది. అంకెలు రావడం మాత్రం మానవు.

నిస్సంగత్వం పేరుతో మనుషుల పట్ల మొద్దుబారినవాళ్లు ఉండరా అన్నది ఇంకో ప్రశ్న. ఉంటారు. వందమందిని ఒక్క ఈమెయిల్‌తో తీసేసి, ఇందులో నా స్వార్థమేమీ లేదు అనేవాడు తనను కర్మయోగి అనుకోవచ్చు. కానీ గీత వదలమన్నది తన లాభం మీది తగులాన్ని. సర్వభూతాల మేలు కోరడాన్ని, మైత్రిని, కరుణని వదలమనలేదు, అవి భక్తుడి లక్షణాలని పన్నెండో అధ్యాయంలో చెప్పింది. 1918లో అహ్మదాబాద్ మిల్లుల్లో ప్లేగు బోనస్ ఆపేశాక వచ్చిన తగాదా ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగ్గది. యజమానుల వైపు అంబాలాల్ సారాభాయ్, కార్మికుల వైపు ఆయన అక్క అనసూయ. యజమానులు కూలి 20 శాతం పెంచుతామన్నారు, కార్మికులు 50 అడిగారు, గాంధీ లెక్కలు చూసి 35 న్యాయమన్నాడు. మార్చి 15న నిరాహారదీక్ష మొదలుపెట్టి మూడు రోజుల్లో మధ్యవర్తిత్వానికి ఒప్పించాడు. తీర్పరిగా కూర్చున్న ఆనందశంకర్ ధ్రువ సంస్కృత పండితుడు, తత్త్వశాస్త్రం చదువుకున్నవాడు. ఆయన ఇచ్చిన తీర్పు 35 శాతం. ఫలాపేక్ష వద్దని కార్మికులకు శ్లోకం వినిపించి పంపెయ్యలేదు. తన దీక్ష స్నేహితులైన యజమానుల మీద ఒత్తిడిగా మారిందని, అది దోషమేనని గాంధీ తర్వాత ఒప్పుకోవడం ఇంకో ముచ్చట. ఆస్తిని ధర్మకర్తగా ఉంచుకోవాలన్న ఆయన సిద్ధాంతానికి ఈశోపనిషత్తు మూలమని తెలిసిందే. యజమాని నాది కాదు అనాలన్న వాదనకు అది దగ్గరి చుట్టం. దాని లోపం కూడా దాచనక్కర్లేదు. యజమాని ఆ మాట అనకపోతే ఏం చెయ్యాలో అందులో జవాబు లేదు. ఆ జవాబు సంఘంలోనూ చట్టంలోనూ ఉంది. యజమాని త్యాగం అతని సాధన, జీతం మాత్రం దానికోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

మరి మేనేజరు ఎవరు? యజమాని కాడు, ఆహుతి వేసే చెయ్యీ కాడు. యజ్ఞశాలలో అతనికి సరిపోయే స్థానం ఒకటుంది. ఋత్విక్కుల్లో బ్రహ్మ అని ఒకడుంటాడు. అతను మంత్రాలు గట్టిగా చదవడు, మౌనంగా కూర్చుని జరిగేదంతా గమనిస్తాడు. ఎక్కడైనా తప్పు దొర్లితే దాన్ని సరిచేసే బాధ్యత అతనిది. తెలిసిన బ్రహ్మ యజ్ఞాన్ని, యజమానిని, ఋత్విక్కులందరినీ కాపాడతాడని ఛాందోగ్యోపనిషత్తు అంటుంది. తప్పు చేసినవాణ్ణి పట్టి ఇవ్వడం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు, తప్పును మాన్పడం గురించే ఉంది.

గీతను ఆఫీసులో పెట్టుకోదలచిన సంస్థలకు ఒక్క మనవి. రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం పటం కట్టించి పైవాడి గదిలో, అతని కుర్చీకి ఎదురుగా తగిలించండి. పనివాళ్లు కూర్చునే హాల్లోకి పదిహేడో అధ్యాయంలోని పదమూడో శ్లోకం చాలు.